బగారాకు చెట్టు భివండీలో పెట్టొచ్చా?

మహారాష్ట్రలోని భివండీ పద్మానగర్‌కు కరీంనగర్ వైపు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు కిరాణా కొట్టుకెళ్లి బగారాకు ఇమ్మంటే కొట్టాయన తెల్లముఖం వేస్తాడు. బిర్యానీ పేరు చెప్పి, పొడుగాటి ఎండుటాకు అని చేత్తో చూపించాక అతనికి వెలుగుతుంది. "అచ్ఛా, తమాలపత్ర్!" అంటాడు. ఆమె గాభరాగా "తమలపాకు కాదు, తమలపాకు కాదు" అంటుంది. ఈ సన్నివేశం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అప్పుడు నవ్వాను గానీ, ఇంటి దగ్గర బగారాకు చెట్టు పెంచుకోవాలనుకునేవాళ్ల చిక్కు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఒకే ఆకుకు ఊరికో పేరు, ఒకే పేరుకు ఊరికో ఆకు.

ఇప్పుడు ఆ గందరగోళానికి ఇంకో పేరు తోడైంది, బే లారెల్. ఫోన్లలో వచ్చే తోటపని వీడియోల నిండా అదే. గుండ్రంగా కత్తిరించిన రెండు పచ్చటి చెట్లు వాకిలికి అటొకటి ఇటొకటి కుండీల్లో నిలబడి ఉంటాయి, ఇంటావిడ కూర ఉడుకుతుండగా బయటికొచ్చి రెండాకులు తుంచుకుపోతుంది. చూడముచ్చటగానే ఉంటుంది. అది చూసి పద్మానగర్‌లోనూ కామత్‌ఘర్‌లోనూ ఉన్న మన తెలుగువాళ్లు, నా చుట్టాలు కూడా, అడిగే ప్రశ్న ఒకటే: ఆ చెట్టు మన గ్యాలరీలో బతుకుతుందా? దీనిమీద బతకదన్నవాళ్లున్నారు, కుండీలో బతుకుతుందన్నవాళ్లున్నారు, అసలు అది మన చెట్టే కాదన్నవాళ్లున్నారు. అందరి మాటల్లోనూ కొంత నిజముంది. ఆ నిజాలను ఒకచోట చేర్చి చూద్దామనే ఈ ప్రయత్నం.

ముందు ఆకుల సంగతి తేల్చుకోవాలి. బే లారెల్ మధ్యధరా సముద్ర తీరపు చెట్టు. శాస్త్రీయ నామం లారస్ నోబిలిస్. దాని ఆకు దళసరిగా, అంచు కాస్త అలలు తిరిగి ఉంటుంది. నడుమ ఒకటే ఈనె, దాని నుంచి పక్క ఈనెలు చీలిపోతాయి. మన కిరాణా కొట్లో దొరికే బగారాకు సిన్నమోమమ్ తమాల, హిమాలయ పాదాల్లోనూ ఈశాన్య కొండల్లోనూ పెరిగే చెట్టు. హిందీలో తేజ్‌పత్తా, మన ఆయుర్వేదం పుస్తకాల్లో ఆకుపత్రి. ఈ ఆకు మొదట్లోనే మూడు ఈనెలు విడిపోయి, దాదాపు కొసదాకా పక్కపక్కనే సాగుతాయి. ఇంట్లో డబ్బా తెరిచి ఒక ఆకు తీసి చూడండి, ఇంతకాలం వంటలో వేస్తూ కూడా గమనించని సంగతి కనిపిస్తుంది. రెండూ ఒకే కుటుంబానివే. ఆ కుటుంబానికి లారెల్ పేరుమీదే లారేసీ అని పేరు పెట్టారు. దాల్చినచెక్క, కర్పూరం చెట్టు, అవకాడో కూడా అందులోవే. దాయాదులే గానీ ఇంటిపేరు కలిసినంత మాత్రాన రుచి కలవదు. లారెల్ వాసనకు మూలం సినియోల్, నీలగిరి తైలంలో ఉండేదే. అందుకే అది కాస్త మందు వాసన కొడుతుంది, పచ్చిది వేస్తే చేదు కూడా. తేజ్‌పత్తాలో లవంగపు నూనెలో ఉండే యూజినాల్, దానికి తోడు దాల్చిన ఛాయ. బగారా అన్నం మూత తీయగానే ముక్కుకు తగిలేది ఈ రెండోదే. టర్కీ నుంచి వచ్చే సీసాల్లోని లారెల్ ఆకు వేసి బగారా వండి చూశాను. అన్నం బాగానే ఉడికింది, బగారా మాత్రం కాలేదు.

ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసినవి ఇంగ్లిషు వంటల పుస్తకాలు. బే లీఫ్, ఇండియన్ బే లీఫ్ అని రాస్తూ రాస్తూ చివరికి ఇండియన్ అన్న మాట వదిలేశారు. పాత రోమన్లు ఆ పొరపాటు చేయలేదు. అపీసియస్ పేరుతో మిగిలిన రోమన్ వంటల పుస్తకంలో లారెల్ వేరు, మలబాత్రమ్ వేరు. ఆ మలబాత్రమ్ మన తమాలపత్రమే. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడో నావికుడో రాసిన ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్‌లో ఈ ఆకు వ్యాపారం ఉంది. దక్షిణాన ముజిరిస్ వైపు రేవుల నుంచి ఓడలకెక్కేదట. పుస్తకం చివర, చైనా పొలిమేర కొండల్లో ఉండే ఒక జాతివాళ్లు ఈ ఆకును సిద్ధం చేసే తీరు కూడా రాశాడు. ఆ కొండలంటే దాదాపు మన ఈశాన్యమే, ఇప్పటికీ తేజ్‌పత్తా బస్తాలు అక్కణ్నుంచీ వస్తాయి. అదే పుస్తకంలో కల్లియేనా అనే రేవు ప్రస్తావన కూడా ఉంది. అది కల్యాణ్, భివండీకి పక్క ఊరు. అక్కడ అప్పటి పాలకుల గొడవల వల్ల గ్రీకు ఓడలను కాపలా పెట్టి భరూచ్‌కు తరలించేవారని రాశాడు. రెండు వేల ఏళ్ల కిందటి పోర్టు పంచాయతీ! మన రేవుల నుంచి రోము దాకా పోయిన ఆకు మనకు కొత్తదేమీ కాదు, కొత్తగా వచ్చింది లారెలే.

ఇక ఊరి సంగతి. కోస్తా దగ్గరి ఊరు, కొంకణ్ వానలు. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 2,500 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. తర్వాత ఎనిమిది నెలలు చుక్క రాలడం అరుదు. లారెల్ పుట్టిన చోట లెక్క తలకిందులు. అక్కడ ఎండాకాలం పొడి, చలికాలం వాన. చలికాలం తడి తాగి, ఎండాకాలం కాళ్లు పొడిగా ఉంచుకోవడం ఆ చెట్టు స్వభావం. మైనస్ ఐదు డిగ్రీల చలికి తట్టుకుంటుంది గానీ నాలుగు నెలలు వేళ్లు నీళ్లలో నానితే తట్టుకోదు, వేరుకుళ్లు పడుతుంది. జులైలో భివండీ గోడకు వేసిన సున్నమే ఆరదు, ఇక కుండీలో మట్టి ఎక్కడ ఆరుతుంది? అక్టోబరులో వాన వెళ్లిపోగానే ఉక్క ఎండ. అప్పటికే దెబ్బతిన్న వేళ్లమీద ఆ ఎండ పడితే ఆకులు అంచుల నుంచి గోధుమరంగుకు తిరుగుతాయి. చాలామంది నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. చెట్టు ప్రాణం ఆ నీళ్లే తీస్తాయి.

అయినా పెంచొచ్చంటారు ఒక వర్గంవాళ్లు. అబద్ధమేమీ కాదు. ఊటీలో, కొడైకెనాల్లో, ఆ మాటకొస్తే బెంగళూరు వాతావరణంలో కుండీ లారెల్‌కు అవకాశముంది. భివండీలో కావాలంటే వాన తగలని చూరు కింద పెట్టాలి, మట్టిలో సగానికి సగం ఇసుకా గులకరాళ్లూ కలపాలి, మధ్యాహ్నం ఎండ తప్పించాలి, వారానికోసారి వేలు గుచ్చి తడి చూసి నీళ్లు పోయాలి. ఇంత చేసినా అది మెల్లగా పెరిగే జాతి. గింజ మొలవడానికి కొన్ని వారాల నుంచి ఆరు నెలలు పట్టొచ్చు, కొమ్మ కత్తిరించి పాతినా వేరు పట్టడానికి నెలలే. వాకిట్లో గుండ్రటి చెట్టు నిలబెట్టాలంటే ఏళ్లు గడవాలి. సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల పాళీ చేసి వచ్చే ఇంట్లో ఈ చాకిరీ ఎవరు చేస్తారు? దిన్‌పాళీ వాళ్లు నిద్రలో ఉండగా రాత్‌పాళీ వాళ్లు నీళ్లు పోయడం, మళ్లీ వీళ్లు లేచి ఇంకోసారి పోయడం నేను చూసిన కరివేపాకు మొక్కకే జరిగింది. కరివేపాకు గనక బతికింది.

పవర్‌లూమ్ ఊరికి సొంతమైన మరో సంగతి తోటపని పుస్తకాల్లో దొరకదు. నూలు నూగు. కార్ఖానాల చుట్టుపక్కల ఇళ్ల కిటికీ చువ్వలమీద, కరెంటు తీగలమీద, చెట్ల ఆకులమీద సన్నటి తెల్లని నూగు పేరుకుంటుంది. దానిమీద సైజింగ్ బాయిలర్ల పొగమసి. లారెల్, దాల్చిన, కరివేపాకు ఏదైనా సరే, వీటికి పొలుసు పురుగులు పట్టే గుణముంది. అవి విడిచే తీపి జిగురుమీద నూగు అతుక్కుంటే ఆకుమీద చాప పరిచినట్టే. ఆ జిగురుమీదే నల్లబూజు పడుతుంది, ఆకుకు వెలుతురు తగలదు. అందువల్ల ఈ ఊళ్లో మొక్కకు ఎరువు కంటే స్నానం ముఖ్యం. వారానికోసారి ఆకు పైనా కిందా నీళ్లు జల్లి కడగాలి. వంటలోకి కోసిన ఆకును కడిగి తుడిచాకే ఎండబెట్టాలి. ఈ ఒక్క పనీ చేయలేమనుకునేవాళ్లు ఆకు కోసం ఏ చెట్టూ పెంచకపోవడం మంచిది. అంగట్లో పది రూపాయలకు దొరుకుతుంది.

కుండీల గురించీ ఇక్కడే చెప్పాలి. అద్దకపు రంగులూ రసాయనాలూ వచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ములను సగానికి కోసి మొక్కలు పెట్టడం భివండీలో మామూలు. పూలమొక్కలకైతే సరే. నోట్లోకి పోయే ఆకుకు మాత్రం వద్దు. పదిసార్లు కడిగినా లోపలి గోడ ఏం పీల్చుకుందో మనకు తెలియదు. మట్టి కుండీ, లేకపోతే తినే నూనె వచ్చిన డబ్బా వాడుకోండి.

లారెల్ కాదు, అసలు బగారాకు చెట్టే పెడదామనే మూడోవర్గం మాట వినడానికి న్యాయంగా ఉంటుంది. ఉత్తరాఖండ్ తేజ్‌పత్తాకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ అది కొండచెట్టు. సుమారు 900 మీటర్ల నుంచి 2,400 మీటర్ల ఎత్తులో దానికి సుఖం. రైతులు ఆకు కోయడం మొదలుపెట్టేది చెట్టుకు పదేళ్లు వచ్చాక. ఆ తర్వాత నూరేళ్ల దాకా ఇస్తుందంటారు. నూరేళ్ల మాట అటుంచి, పదేళ్లలో మనవాళ్లు భివండీలో ఎన్ని కిరాయి ఇళ్లు మారతారో లెక్కపెట్టుకోండి. సముద్రమట్టం దగ్గర అది చచ్చిపోదు, పెరుగుతుంది కూడా. ఆకులో వాసన మాత్రం కొండమీది ఆకంత నిండుగా ఉంటుందని ఆశపెట్టుకోలేం.

నర్సరీవాళ్లు బే లీఫ్ అని చెప్పి అమ్మే మొక్క చాలాసార్లు ఈ రెండూ కాదు. నాకు తగిలిన దెబ్బే చెబుతాను. రోడ్డు పక్క ఒక నర్సరీలో బే లీఫ్ అని బోర్డు కట్టిన మొక్క కొన్నాను. బాగా ఎదిగింది. ఆకు నలిపితే లవంగం, జాజికాయ, దాల్చిన అన్నీ కలిపిన వాసన. ఇంట్లో అందరం మురిసిపోయాం. రెండేళ్లకు మొక్కల సంగతి తెలిసిన పెద్దాయన ఒకరు వచ్చి చూసి, ఇది ఆల్‌స్పైస్ అమ్మా అన్నాడు. పిమెంటా డయోయికా. వెస్టిండీస్, మధ్య అమెరికాల నుంచి వచ్చిన చెట్టు, లారెల్ కుటుంబంతో దానికి బంధుత్వమే లేదు, జామ, నేరేడు, లవంగం దాని చుట్టాలు. మోసపోయానని చెప్పడానికి మనసొప్పడం లేదు, ఎందుకంటే ఆ ఆకు పులావులో బాగానే ఉంది, కొంకణ్ వాతావరణం దానికి నప్పింది కూడా. అయితే ఘాటు ఎక్కువ. బగారాకు లెక్కన నాలుగు ఆకులు పడేస్తే కూర మందులా తయారవుతుంది. ఒక ఆకులో సగం చాలు.

ఇన్ని దాటుకుని నేను చేరిన చోటు దాల్చిన చెట్టు. చెక్క కోసం పెంచే చెట్టును ఆకు కోసం పెంచమనడం వింతగా అనిపించొచ్చు. ఇది తేజ్‌పత్తాకు సొంత చెల్లెలు, అదే సిన్నమోమమ్ జాతి, ఆకుమీద అవే మూడు ఈనెలు. పైగా ఇది తీరపు చెట్టు. శ్రీలంకలో, కేరళలో, మన కొంకణ్‌లో వానలకూ ఉక్కకూ పుట్టి పెరిగినదే. రత్నగిరి జిల్లా దాపోలీలోని కొంకణ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కొంకణ్ తేజ్ అనే దాల్చిన రకాన్ని ఈ నేల కోసమే తయారుచేసింది. కాలికట్‌లోని సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ నవశ్రీ, నిత్యశ్రీ రకాలు విడుదల చేసింది. ఈ రకాలు చెక్క కోసం ఎంచినవే అయినా ఆకుకు లోటు లేదు. దాల్చిన ఆకు నూనెలో అత్యధిక భాగం యూజినాలే, అందువల్ల బగారాకు కంటే లవంగపు పాలు కాస్త ముందుకొస్తుంది. పడమటి కనుమల్లో పెరిగే ఇంకో చెల్లెలు, సిన్నమోమమ్ మలబాత్రమ్, దాని ఆకును మలయాళీలు వయన అంటారు. పనసపండు, బెల్లం కలిపిన పిండిని ఆ ఆకులో చుట్టి ఆవిరికి ఉడికిస్తే కుంబిలప్పం. ఆకును తినకుండా దాని వాసనను మాత్రం తినడంలో మనకంటే వాళ్లు ఒక మెట్టు పైనున్నారు.

పెంపకం కష్టమేమీ కాదు. గింజ నుంచి వేయాలంటే పండిన గింజను వెంటనే నాటాలి, నిలవుంచితే కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. అందుకే మొక్క తెచ్చుకోవడమే మేలు. మొదట అడుగు కుండీ, రెండేళ్లకు అడుగున్నర కుండీ. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల తబేలా ఎరువు సమపాళ్లలో కలపండి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి. లేతమొక్కకు సగం నీడ కావాలి, చాల్‌లో తూర్పు గ్యాలరీ సరిపోతుంది. రేకుల కప్పుమీద నేరుగా పెట్టకండి, ఏప్రిల్లో కింద నుంచీ పై నుంచీ కాలుతుంది. వానాకాలం కుండీని రెండు ఇటుకల మీదికి ఎత్తి, అడుగు రంధ్రం మూసుకుపోలేదని చూసుకోవాలి. దాల్చిన వానను ప్రేమిస్తుంది గానీ నిలవనీటిని కాదు. రెండడుగుల ఎత్తు రాగానే కొస తుంచేస్తే పక్క కొమ్మలు వేసి గుబురవుతుంది. తోటల్లో ఈ చెట్టును నేలమట్టం దాకా నరికి పిలకలు రానిచ్చి చెక్క తీస్తారు, కాబట్టి కత్తెరకు బెదిరే జాతి కాదు. సీతాకోకచిలుక పురుగులు లేతాకు తినేస్తాయి. చేత్తో ఏరేస్తే చాలు, ఒక కుండీకి మందు కొట్టడం దండగ.

కోతకు ముదురు పచ్చ ఆకే తీయాలి. నీడన నాలుగైదు రోజులు, వానాకాలమైతే వారం ఆరబెట్టి మూతగట్టి డబ్బాలో పెట్టాలి. ఎండలో వేస్తే వాసన ఎండకే పోతుంది. వారానికి నాలుగాకులు వాడే ఇంటికి ఏడాదికి రెండొందల చిల్లర ఆకులు కావాలి. గుబురుగా ఎదిగిన మూడేళ్ల కుండీ చెట్టు ఆ మాత్రం ఇస్తుంది. బిస్సీ (కార్మికుల మెస్) నడిపేవాళ్లకు, పెళ్లి వంటలవాళ్లకు ఇది చాలదు, వాళ్లకు వాషి మసాలా మార్కెట్టే దిక్కు.

ఇక అలంకారం. లారెల్ మీద ఐరోపావాళ్లకు ఉన్న మోజులో సగం వంట, సగం చరిత్ర. డెల్ఫీ ఆటల్లో గెలిచినవాడి తలమీద ఆ ఆకుల దండ పెట్టేవారు. నోబెల్ లారియేట్ అనే మాటలో ఇప్పటికీ ఆ ఆకు ఉంది. మన గుమ్మానికి ఆ గౌరవం మామిడాకుది. దసరాకు మరాఠీ ఇరుగుపొరుగు ఆప్టా ఆకును బంగారమని చేతిలో పెడితే, మనవాళ్లు జమ్మి ఆకు పెడతారు. భివండీలో మా చుట్టాల పిల్లలు రెండూ జేబులో వేసుకుంటారు. ఇంత ఆకుల సంప్రదాయం ఉన్న ఇంటికి వాకిట్లో కత్తిరించిన గోళంలాంటి చెట్టు లేదన్న బెంగ ఎందుకో నాకు తెలియదు. ఆకారమే కావాలంటే కామినీ మొక్కను గుండ్రంగా కత్తిరించుకోండి, పూలకు పూలు, వాసనకు వాసన. అయితే దాల్చిన దగ్గర లారెల్‌కు లేని అందం ఒకటుంది. దాని లేతాకు ఎర్రగా వస్తుంది. కొత్త చిగురు వేసినప్పుడు చెట్టంతా రాగి గిన్నె కడిగి బోర్లించినట్టు మెరుస్తుంది, తర్వాత ఆ ఎరుపు గులాబీకి, గులాబీ లేతపచ్చకు దిగుతుంది. నూగు పట్టిన గోడల మధ్య ఆ రంగు చూడటానికే ఒక కుండీ పెట్టొచ్చు.

చివరగా ఒక హెచ్చరిక, నవ్వులాట కాదు. లారెల్ ఫొటో చూసి ఆకు పోల్చుకునేవాళ్లు గన్నేరును లారెల్ అనుకునే ప్రమాదముంది. ఐరోపాలో కూడా ఈ రెంటినీ పొరబడి విషం తిన్న సందర్భాలున్నాయి. హైవేల మధ్య గట్టు మీద, కార్ఖానా గేట్ల దగ్గర పెరిగేది గన్నేరే. దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ గుండెను దెబ్బతీసే విషం, ఎండబెట్టినా ఉడికించినా పోదు. గన్నేరుకు కణుపుకు మూడేసి ఆకులు చుట్టూ వస్తాయి, నలిపితే మసాలా వాసన ఉండదు. దారిన కనిపించిన చెట్టు ఆకు వంటింట్లోకి తేవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

నా తీర్పు ఇదీ: భివండీలో లారెల్ పెంచడం సరదా ఉన్నవాళ్ల పని, వంట కోసమైతే అనవసరపు పని. తేజ్‌పత్తా అంగట్లో కొనుక్కోండి. పెంచుకోవాలనే కోరిక ఉంటే దాల్చిన పెట్టండి. నర్సరీలో బోర్డుమీద ఏం రాసి ఉన్నా నమ్మకండి. ఆకు తిప్పి ఈనెలు చూడండి. ఒకటే ఈనె ఉంటే అది లారెల్ కావచ్చు, ఆల్‌స్పైస్ కావచ్చు, గన్నేరూ కావచ్చు. మూడుంటే నలిపి వాసన చూడండి, రేగాకుకూ మూడు ఈనెలే ఉంటాయి. వాసన వస్తే డబ్బులిచ్చి, తొలి వాన పడకముందే ఇంటికి తెచ్చుకోండి.